పాత సామానుకు కొత్త రంగు: వందలో ఐదు రూపాయల లెక్క

ఆరడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు, అడుగున్నర లోతు ఉన్న చెక్క బీరువా ఒకటి తీసుకుందాం. దానికి బయట రంగు వేయాలంటే ముందు వైపు 18 చదరపు అడుగులు, రెండు పక్కలూ కలిపి మరో 18, పైభాగం నాలుగున్నర. మొత్తం 40.5. గోడకు ఆనే వెనక వైపును ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఇప్పుడు దాని పక్కన భోజనాల బల్ల తాలూకు కుర్చీని ఒకదాన్ని నిలబెట్టండి. అంగుళంన్నర మందం కాళ్లు నాలుగు, ఒక్కో కాలికి నాలుగు ముఖాలు. పదహారు అంగుళాల పీట, పైనా కిందా. కాళ్ల మధ్య అడ్డకర్రలు. వీపు దగ్గర మూడు బద్దలు, వాటి అంచులు. ఓపిగ్గా టేపు పట్టి కొలిస్తే దాదాపు 12 చదరపు అడుగులు తేలుతుంది. ఆరు కుర్చీలంటే 72. కంటికి కొండలా కనిపించే బీరువా కన్నా ఇది ముప్పాతిక వంతు ఎక్కువ.

పాత సామాను కొనేవాళ్లు మొదట తప్పేది ఇక్కడే. హైదరాబాద్‌లో గురువారం జుమ్మేరాత్ బజార్‌కో, ఆదివారం ఎర్రగడ్డ సంతకో వెళ్లి, లేదా ఫోన్‌లోనే బొమ్మ చూసి, "కుర్చీలే కదా, ఒక డబ్బా రంగు కొడితే అయిపోతుంది" అనుకుంటారు. బేరం అంతా కొనే ధర మీదే సాగుతుంది. ఆ కుర్చీలు ఇల్లు చేరాక అసలు ఖర్చు మొదలవుతుందని అప్పటికి గుర్తుండదు.

ఒక ఊహా లెక్క వేద్దాం. ధరలు ఊరికీ ఊరికీ, దుకాణానికీ దుకాణానికీ మారతాయి కాబట్టి మీ ఊరి ధరలు వేసుకుని సరిచూసుకోండి. ఎక్కడ వేసినా వాటాల్లో తేడా కొద్దిగానే ఉంటుంది. ఐదడుగుల బల్ల, ఆరు కుర్చీలు, పాతవి 8,000 రూపాయలకు దొరికాయనుకుందాం. ఆటో ట్రాలీకి, మోసినవాళ్లకు 1,500. బల్లకు కాళ్లతో సహా 28 చదరపు అడుగులు, కుర్చీలకు 72, కలిపి సరిగ్గా వంద. ఒక కోటింగు ప్రైమర్, రెండు కోటింగులు ఎనామెల్ వేస్తే మొత్తం 300 చదరపు అడుగుల పని. డబ్బా మీద లీటరుకు ఇంత వస్తుందని రాసేది నునుపైన చదును జాగాకు. కుర్చీ కాళ్ల దగ్గర బ్రష్షు నుంచి రంగు కారుతుంది, అంచుల్లో వృథా అవుతుంది. అందుకని లీటరుకు వంద చదరపు అడుగులనే పట్టుకోవాలి. ప్రైమర్ ఒక లీటరు 250, ఎనామెల్ రెండు లీటర్లు 800, గరుకు కాగితాలు ఇరవై 400, లప్పం 100, టర్పెంటైన్ 150, బ్రష్షులు 200, మాస్కులూ కింద పరిచే ప్లాస్టిక్ షీటూ 200. సామగ్రి మొత్తం 2,100. పెయింటర్‌కు నాలుగు రోజుల కూలి, రోజుకు వెయ్యి చొప్పున 4,000.

అన్నీ కూడితే 15,600. ఇందులో రంగు డబ్బాల వాటా 800, అంటే వందకు ఐదు రూపాయలు. చాలామంది పొదుపు చూపించేది ఆ ఐదు దగ్గరే. లీటరుకు 200 ఎక్కువ పెట్టి మంచి రకం తీసుకుంటే మొత్తం ఖర్చు రెండున్నర శాతం పెరుగుతుంది. నాసిరకం వేస్తే, రెండేళ్లలో పెచ్చులు లేచి 4,000 కూలి మళ్లీ ఇవ్వాల్సి వస్తుంది. రంగు దగ్గర బేరమాడకండి. ఆడదలచుకుంటే ఆ 8,000 దగ్గర ఆడండి.

మరి కూలి మిగుల్చుకుందామని మనమే చేసుకుంటే? ఒక్క కుర్చీకి రుద్దడం, లప్పం పెట్టడం 90 నిమిషాలు. కోటింగుకూ కోటింగుకూ మధ్య తేలిగ్గా రుద్దడానికి ఇరవై చొప్పున రెండుసార్లు, 40. మూడు కోటింగులకు 25 చొప్పున 75. మొత్తం 205 నిమిషాలు. ఇందులో బ్రష్షు చేతిలో ఉండేది 75 నిమిషాలే. మిగతా 130, అంటే నూటికి అరవై మూడు వంతుల కాలం, గరుకు కాగితంతోనే గడుస్తుంది. ఆరు కుర్చీలకూ బల్లకూ కలిపి 25 గంటలు. మిగిలిన 4,000ను 25తో భాగిస్తే గంటకు 160 రూపాయలు. ఆ పని మీద ఇష్టం ఉన్నవాళ్లకు ఇది మంచి బేరమే. ఇష్టం లేనివాళ్లకు మూడో కుర్చీ దగ్గరే నడుం పట్టేస్తుంది, మిగతా మూడూ మేడ మీద వానకు తడుస్తూ ఉంటాయి.

నా పట్టింపు ఒకటుంది. కొన్నదీ మోసిందీ వేసిందీ అన్నీ కలిపి, అదే రకం కొత్త సామాను ధరలో సగం దాటితే ఆ బేరం వదిలేయాలి. సగం లోపల వస్తే దిగాలి.

రుద్దడం ఎందుకంత ముఖ్యం?

లీటరు అంటే 1,000 ఘన సెంటీమీటర్లు. దాన్ని 110 చదరపు అడుగుల మీద, అంటే పది చదరపు మీటర్ల పైచిలుకు మీద పరిస్తే, తడిగా ఉన్నప్పుడు పొర మందం వంద మైక్రాన్లు. ఒక మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఆరేటప్పుడు దాదాపు సగం ఆవిరైపోతుంది కాబట్టి ఒక కోటింగుకు మిగిలేది 50 మైక్రాన్లు, రెండింటికి 100. మనిషి తల వెంట్రుక సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. మన ఆశలన్నీ పెట్టుకున్న ఆ రంగు పొర వెంట్రుక కన్నా కాస్త మందం, అంతే.

ఇప్పుడు గరుకు కాగితం వెనక ఉన్న అంకె చూడండి. 80 నంబరు కాగితం మీద రేణువు సగటు పరిమాణం దాదాపు 200 మైక్రాన్లు. 120 మీద 125. 220 మీద 68. 320కి వస్తే 46. అంకె పెరిగేకొద్దీ రేణువు సన్నబడుతుంది. 80తో గీరిన చెక్క మీద నేరుగా రంగు వేశారనుకోండి, రెండు కోటింగుల మందానికి రెట్టింపు ఉన్న రేణువులు చేసిన గాట్లు అవి. గీత అంత లోతుగా దిగకపోవచ్చు గానీ, మెరిసే ఎనామెల్ కింద ప్రతి గాటూ వెలుతురుకు బయటపడుతుంది. పాత పొర లేపడానికి 80, ఆ గీతలు తీయడానికి 120, ప్రైమర్‌కు ముందు 180 లేదా 220, కోటింగుల మధ్య 320. మధ్యలో ఒక మెట్టు ఎగరగొడితే దాని పని తర్వాతి మెట్టు మీద పడుతుంది, కాలం రెట్టింపవుతుంది. ఎప్పుడూ చెక్క నార వెంబడే రుద్దాలి, అడ్డంగా కాదు.

రుద్దే ముందు పాత పొర ఏమిటో తెలుసుకోవడానికి రెండు గుడ్డ పీలికలు చాలు. ఒకదాన్ని పాలిష్ పనివాళ్లు వాడే స్పిరిట్‌లో ముంచి కనపడని మూల రుద్దండి. జిగటగా కరిగి గుడ్డకు అంటితే అది లక్కతో చేసిన పాత ఫ్రెంచ్ పాలిష్. స్పిరిట్‌కు కరగక ఎన్.సి. థిన్నర్‌కు కరిగితే లక్కర్. రెండింటికీ చలించకపోతే పి.యు. (పాలీయూరిథేన్) లాంటి గట్టి పూత కావచ్చు. మొదటి రకం మీద నీటి ఆధారిత రంగు నేరుగా వేయకూడదు. పాత ఆయిల్ ఎనామెల్ మీద కూడా అంతే. మెరుపు పోయేదాకా రుద్ది, పట్టు ఇచ్చే ప్రైమర్ వేశాకే వేయాలి. లేకపోతే కొత్త రంగు గోరుతో గీకితే చాలు, చర్మంలా ఊడి వస్తుంది.

కర్రను బట్టి నిర్ణయం

పాత రంగు లేచిపోయిన చోట కింద టేకు నార కనిపిస్తే ఆగండి. మంచి టేకుకు, నూకమానుకు ఎనామెల్ వేయడం నాకు మనసొప్పదు. గీరి పాలిష్ చేయిస్తే దాని విలువ పెరుగుతుంది, రంగు వేస్తే తగ్గుతుంది. టేకులో సహజంగా నూనె ఉంటుంది కాబట్టి రంగు పట్టు కూడా తక్కువే. ఇక వేగిస కర్రది వేరే తంటా. వేగిస ముక్కను నీళ్లలో వేస్తే నీళ్లకే రంగొస్తుంది. దాని మీద తెల్లని నీటి ఆధారిత రంగు వేస్తే కొద్ది రోజుల్లో గోధుమరంగు మరకలు పైకి తేలతాయి. అలాంటి కర్రకు ముందు ఒక పొర లక్క సీలర్ వేస్తే మరక కిందే ఆగిపోతుంది.

ఇంకో మాట. సంతలో మీకు దొరికిన చిన్న బల్ల మీదో, తెర మీదో నల్లని నేలపై బంగారు రంగు లతలు, పక్షులు కనిపిస్తే అది నిర్మల్ పని కావచ్చు. దాని మీద గరుకు కాగితం పెట్టకండి. తడి పిండిన గుడ్డతో తుడిచి అలాగే ఉంచండి.

రంగుకు నిజంగా తగినవి మామిడి, వేప, రబ్బరు చెక్క, రకరకాల ముక్కలు కలిపి చేసిన పాత సామాను. చిన్న గుండు సూది పట్టేంత రంధ్రాలు, వాటి కింద పిండిలా రాలిన పొడి కనిపిస్తే లోపల పురుగు బతికే ఉందని అర్థం. ఆ రంధ్రాలను లప్పంతో పూడ్చి రంగు వేసినంత మాత్రాన పురుగు చావదు. ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల కొత్త రంధ్రం చేసుకుని మీ కొత్త రంగులోంచే బయటికొస్తుంది. మందు పెట్టించడం ముందు, రంగు తర్వాత.

సన్‌మైకా అంటించిన ప్లైవుడ్, పార్టికల్ బోర్డు సామాను ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో బాగా వస్తోంది. ఐకియా దేశంలో తన మొదటి దుకాణాన్ని హైదరాబాద్‌లో 2018 ఆగస్టు 9న తెరిచింది. అప్పుడు కొన్న పుస్తకాల అరలు ఈ పాటికి చేతులు మారుతున్నాయి. నునుపైన ఆ పైపొర మీద మామూలు ప్రైమర్ నిలవదు. 220తో మెరుపు చంపి, నున్నని ఉపరితలాలకని చేసిన ప్రైమర్ వేయాలి. అంచులు నీటికి ఉబ్బిన పార్టికల్ బోర్డును మాత్రం ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు. ఉబ్బిన బోర్డు తిరిగి సర్దుకోదు.

స్టీలు బీరువా లెక్క వేరు. ఫ్యాక్టరీలో దానికి వేసిన రంగును పొయ్యిలో కాల్చి గట్టిపరుస్తారు. బ్రష్షుతో మనం వేసేది ఆ గట్టితనానికి ఎన్నడూ చేరదు. తుప్పు పట్టిన ఇనుప కుర్చీలు, మంచాలు పౌడర్ కోటింగ్ షెడ్డుకు ఇవ్వడం మేలు. 180 నుంచి 200 డిగ్రీల వేడిలో పది పదిహేను నిమిషాల పని. అద్దం, తాళం, రబ్బరు బుడిపెలు ముందే విప్పాలి.

90 అనే అంకె

పిల్లలున్న ఇంట్లో అన్నిటికన్నా ముఖ్యమైన లెక్క ఇది. పాత ఎనామెల్ రంగుల్లో సీసం కలిపేవారు. త్వరగా ఆరడానికి, రంగు నిలవడానికి. నిగనిగలాడే పసుపు, నారింజ, ఎరుపు, ఆకుపచ్చల్లో ఎక్కువ, ఎందుకంటే సీసపు క్రోమేటు అనే పదార్థమే ఆ పసుపునిచ్చేది. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసాన్ని పది లక్షల భాగాలకు 90 భాగాలకు పరిమితం చేసే నిబంధనలు 2016లో వచ్చి, 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అమెరికాలో 1978లోనే ఇంటి రంగులకూ, ఆ రంగు వేసిన ఫర్నిచర్‌కూ నిషేధం పెట్టారు. అప్పటి పరిమితి 600, దాన్ని 2009లో 90కి దించారు. కాబట్టి డల్లాస్‌లో గ్యారేజ్ సేల్‌కు వెళ్లే తెలుగువాళ్లు 1978కి ముందరి సామానును అనుమానించాలి. మనం ఇక్కడ 2017కు ముందు రంగు వేసిన ప్రతిదాన్నీ అనుమానించాలి.

అనుమానం ఎంత తీవ్రంగా ఉండాలో అంకెలే చెబుతాయి. పాత సామాను మీద వంద మైక్రాన్ల రంగు పొర ఉందనుకుందాం. ఒక చదరపు అడుగు మీద ఆ పొర బరువు సుమారు 14 గ్రాములు. అందులో సీసం ఒక శాతం ఉందనుకుంటే 140 మిల్లీగ్రాములు, అంటే లక్షా నలభై వేల మైక్రోగ్రాములు. ఇంట్లో నేల మీది దుమ్ములో సీసం చదరపు అడుగుకు 10 మైక్రోగ్రాములు చేరితే ప్రమాదమని అమెరికా పర్యావరణ సంస్థ 2019లో తేల్చింది, ఆ తర్వాత ఇంకా కఠినం చేసింది. 1,40,000ను 10తో భాగించండి. ఒక్క చదరపు అడుగు పాత రంగును పొడిగా గీరి ఆ దుమ్మును ఇంట్లో వదిలితే, 14,000 చదరపు అడుగుల నేలను ఆ హద్దుకు చేర్చేంత సీసం అందులో ఉంటుంది. మన ఇళ్లేమో వెయ్యి, పదిహేను వందల చదరపు అడుగులవి.

పిల్లల రక్తంలో సీసానికి సురక్షితమైన పరిమాణమంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ప్రపంచంలో దాదాపు 80 కోట్ల మంది పిల్లల రక్తంలో డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు లేదా అంతకు మించి సీసం ఉందని 2020లో యునిసెఫ్ నివేదిక లెక్కగట్టింది. అందులో 27 కోట్లకు పైగా మన దేశంలోనే. ఇదంతా రంగుల వల్లే కాదు. పాత బ్యాటరీలు కరిగించే చోట్లు, కల్తీ మసాలాలు, కొన్ని పాత్రలు కూడా కారణమే. కానీ ఇంట్లో మనం చేతులారా లేపేది రంగు దుమ్మునే.

అందుకని పాత రంగు తీయాల్సి వస్తే పొడిగా గీరకండి. యంత్రంతో అసలే వద్దు. తడి తట్టుకునే కాగితం తీసుకుని, నీళ్లు చల్లుతూ చేత్తో రుద్దండి. పని ఇంటి బయట, కింద ప్లాస్టిక్ పరచి. పిల్లలూ గర్భిణులూ దగ్గర ఉండకూడదు. పని బట్టలు విడిగా ఉతకాలి. ఊడ్చడం కాదు, తడిగుడ్డతో తుడవాలి. ముక్కుకు చేతిరుమాలు కట్టుకుంటే లాభం లేదు, ఎన్95 మాస్కయినా ఉండాలి. పాత పొర గట్టిగానే ఉంటే దాన్ని మొత్తం తీసే పనే పెట్టుకోకండి. పైన తడిగా కాస్త రుద్ది, ప్రైమర్ వేసి కప్పేయడం ఎక్కువ క్షేమం. కొంతమంది పెయింట్ రిమూవర్ పూసి లేపుతారు. ఆ ద్రావకాల్లో చాలాకాలంగా వాడుతున్న మిథిలీన్ క్లోరైడ్‌తో మూసిన గదుల్లో పనిచేస్తూ మనుషులు చనిపోయారు. అమెరికాలో 2019 నుంచి దాన్ని రంగు తీసే పనికి మామూలు జనానికి అమ్మకూడదు.

ఇక పాత రంగు తొట్టె, ఊయల, పిల్లల కుర్చీ. నా సలహా సూటిగా ఇదీ: రంగు వేసినవి సెకండ్ హ్యాండ్‌లో కొనకండి. పళ్లొచ్చే వయసు పిల్లలు తొట్టె కడ్డీ కొరకకుండా ఉండరు. కొత్తగా వేసేదాంట్లోనూ ఒక చిక్కుంది. 90 పరిమితి ఇంటి రంగులకూ అలంకరణ రంగులకూ మాత్రమే. పారిశ్రామిక రంగులు ఆ నిబంధన కిందకు రావు. "ఇదే గట్టిది సార్" అని దుకాణంవాడు యంత్రాలకు వేసే ఎనామెల్ అంటగడితే వద్దనండి. డబ్బా మీద సీసం 90 మించదన్న మాట రాసి ఉండాలి, ఇంటి వాడకానిదై ఉండాలి.

ఆయిలా, నీళ్లా?

ఐరోపా సంఘం ఇళ్లలోని చెక్క, లోహపు పనులకు వేసే రంగులకు 2010 నుంచి పెట్టిన గరిష్ఠ పరిమితులు చూస్తే తేడా తెలుస్తుంది. గాల్లోకి ఆవిరయ్యే రసాయనాలు ఆయిల్ రకంలో లీటరుకు 300 గ్రాముల వరకు, నీటి రకంలో 130 గ్రాముల వరకు ఉండొచ్చు. మన బల్లా కుర్చీల రెండు లీటర్లకు లెక్కిస్తే 600 గ్రాములకు బదులు 260. తలుపులు మూసి ఏసీ వేసుకునే పడకగదికి ఈ తేడా చిన్నది కాదు. పైగా తెల్ల ఆయిల్ ఎనామెల్ వెలుతురు తగలని చోట పసుపెక్కుతుంది. బీరువా లోపలి అరలకు అది పనికిరాదు.

అయితే నీటి రకం ఓపిక అడుగుతుంది. గంటలో చేతికి అంటదు, నాలుగు గంటల్లో రెండో కోటింగు వేయొచ్చు. చూడ్డానికి అయిపోయినట్టే ఉంటుంది. లోపల పూర్తిగా గట్టిపడటానికి మాత్రం మూడు నాలుగు వారాలు కావాలి. ఈలోపు తలుపు మూస్తే అంచులు అతుక్కుంటాయి, వేడి గిన్నె పెడితే గుండ్రటి మచ్చ పడుతుంది. ఆయిల్ ఎనామెల్‌కు కోటింగుల మధ్య ఒక రాత్రంతా పడుతుంది, వాడకానికి వారం. తొందరపడి టర్పెంటైన్ ఎక్కువ కలిపే పెయింటర్లున్నారు. డబ్బా మీద చెప్పిన పాళ్లు మించితే పొర పలచబడి, రెండు కోటింగుల డబ్బుకు ఒక కోటింగు పనే దక్కుతుంది. నూనెలతో ఇంకో జాగ్రత్త: లిన్సీడ్ నూనె తుడిచిన గుడ్డల్ని ఉండ చుట్టి మూల పడేయకండి. అవి వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లలో ముంచండి.

గాలిలో తేమ 85 శాతం దాటితే ఏ రంగూ వేయొద్దు. విశాఖ, మచిలీపట్నం లాంటి తీరపు ఊళ్లలో వానాకాలం ఉదయాల్లో 80 దాటడం మామూలే. రామగుండం మే ఎండలో ఇంకో రకం చిక్కు: బ్రష్షు గీత సర్దుకునేలోపే పొర ఆరిపోతుంది. వాన వెనక్కి తగ్గి చలి ముదరని నవంబరు, డిసెంబరు, ఆ తర్వాత ఫిబ్రవరి ఈ పనికి అనువైన నెలలు. సంక్రాంతికి చుట్టాలొచ్చేసరికి బల్లా కుర్చీలు సిద్ధంగా ఉండాలంటే వెనక్కి లెక్కపెట్టుకోండి. రుద్దడానికీ వేయడానికీ ఒక వారం, నీటి రకమైతే గట్టిపడటానికి నాలుగు వారాలు, మొత్తం 35 రోజులు. డిసెంబరు 10కల్లా గరుకు కాగితం పట్టండి. అప్పటికి మొదలుపెట్టలేకపోతే పండగ పాత రంగుతోనే కానిచ్చి, ఫిబ్రవరిలో తీరిగ్గా వేసుకోండి.